ఎడమ చెవికి మూడు కారణాలు

డబ్బా మీద ముప్పైమూడు అని ఉంటే చప్పుడు ముప్పైమూడు తగ్గుతుందని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. బర్మాలో, యాంగోన్‌లోని లమ్మడా టోకు బజారులో, ఒక సేఫ్టీ సామాన్ల దుకాణంలో ఇరవై ఏళ్ళకు పైగా చెవి మూతలు అమ్మాను. చెవి రంధ్రంలో దూర్చుకునే ఇయర్‌ప్లగ్గులు, చెవిని మొత్తంగా గిన్నెలా కప్పే ఇయర్‌మఫ్‌లు. పోయిన ఏడాది పని మానేశాను. మా తెలుగువాళ్ళ పిల్లలు ఇద్దరు ఈమధ్య ఇలాంటి దుకాణాల్లోనే చేరి, "పెద్దమ్మా, ఏటి సూసి ఇవ్వాలి?" అని అడిగారు. నోటితో చెప్పబోతే ఒక మాటకు ఇంకో మాట అడ్డం వచ్చింది. కాగితం మీద పెడితే వరసలో పడుతుందేమోనని రాస్తున్నాను. పడకపోతే అలాగే చదువుకోండి.

నేను చదివింది ఎనిమిదో తరగతి. చప్పుడును కొలిచే డెసిబెల్ అర్థం కావాలంటే లాగరిథమ్ రావాలని కేటలాగు చూస్తే తెలిసింది. పన్సొడాన్ వీధిలో నేల మీద పరిచి అమ్మే పాత పుస్తకాల్లో అట్ట ఊడిపోయిన లెక్కల పుస్తకం ఒకటి కొని, దుకాణంలో బేరాలు లేని మధ్యాహ్నాల్లో సొంతంగా నేర్చుకున్నాను. మా నాన్న అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు లెక్కపెట్టే పని చేసేవాడు. ఆయన లెక్కలో రెండూ రెండూ నాలుగు. నా లెక్కలో ఒక జనరేటర్ పక్కన అలాంటిదే ఇంకో జనరేటర్ పెడితే చప్పుడు పెరిగేది మూడు డెసిబెల్లే. ఇది మనసుకు పట్టడానికి నాకొక వానాకాలం పట్టింది.

నంబరు చెప్పేది, చెప్పనిది

మొదట్లో మా దగ్గర కొనేవాళ్ళు బియ్యం మిల్లుల వాళ్ళు, రేవు వాళ్ళు, ఫ్యాక్టరీల వాళ్ళు. అక్కడ చప్పుడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే తీరుగా ఉంటుంది. దానికి పద్ధతి ఉంది. డబ్బా మీది నంబరులో ఏడు తీసెయ్యి, మిగిలినదాన్ని సగం చెయ్యి. ముప్పైమూడులో ఏడు పోతే ఇరవైఆరు, అందులో సగం పదమూడు. పదమూడే వస్తుందనుకుని అమ్ము. ఆ ముప్పైమూడు ప్రయోగశాలలో, పెట్టుకోవడం తెలిసినవాళ్ళు, కదలకుండా కూర్చున్నప్పుడు వచ్చిన ముప్పైమూడు.

తర్వాత ఊరి అంచున ఒక షూటింగ్ క్లబ్ వాళ్ళు మా దగ్గర కొనడం మొదలుపెట్టారు. సరదాకీ పోటీలకీ రైఫిల్, పిస్టల్ కాల్చే మెంబర్లు. నా లెక్కలన్నీ అక్కడ తారుమారయ్యాయి. తుపాకి చప్పుడు ఒక్క క్షణమే. కానీ నూట నలభై డెసిబెల్లు దాటిన చప్పుడు ఒక్క క్షణం కూడా చెవికి పనికిరాదంటారు. చిన్న రైఫిల్ ఆ గీత దగ్గర్లో ఉంటుంది. పిస్టల్ గీతను బాగా దాటిపోతుంది, రేకుల కప్పు కిందయితే గోడకు కొట్టుకుని మళ్ళీ వస్తుంది. మరి ఏడు తీసి సగం చేసే పద్ధతి ఈ క్షణం చప్పుడుకు పనిచేస్తుందా? ఒక కేటలాగు చేస్తుందన్నట్టు రాసింది. ఇంకొకటి ఆ నంబరు ఇలాంటి చప్పుడుకు సరిపోకపోవచ్చని చిన్న అక్షరాల్లో రాసింది. నేను చిన్న అక్షరాలనే నమ్మాను. ఎందుకు నమ్మానంటే చెప్పలేను.

క్లబ్ మేనేజర్ ఊ మ్యింట్ మంచి మనిషి, తొందర మనిషి. ఇక్కడ మర్యాదకు మగవాళ్ళ పేరు ముందు ఊ, ఆడవాళ్ళ పేరు ముందు మా చేరుస్తారు. ఒక రోజు దుకాణానికి వచ్చి, లెక్క తేలిపోయినట్టు బల్ల మీద రెండు చేతులూ పెట్టాడు.

"మా సీతా, ప్లగ్గు ముప్పై. దాని మీద మఫ్ ముప్పై. అరవై. ఇక మా వాళ్ళు ఫిరంగి పేల్చుకున్నా పర్వాలేదు."

"అరవై కాదు ఊ మ్యింట్. ముప్పైఅయిదు అనుకోండి."

"మిగతా పాతికా మీ దుకాణం వాళ్ళు ఉంచేసుకున్నారా?"

చెవి రెండుసార్లు మూసినా చప్పుడు తల ఎముక గుండా లోపలికి వస్తుందని చెప్పాను. తన తలను వేలితో కొట్టి చూసుకున్నాడు. నమ్మినట్టు లేదు, కానీ రెండూ కొన్నాడు. కప్పు కింద పిస్టల్ కాల్చేవాళ్ళకు రెండూ పెట్టడమే మంచిది. పెరిగేది అయిదే అయినా అక్కడ ఆ అయిదూ కావాలి. ఈ ఒక్క మాటా అనుమానం లేకుండా చెప్పగలను.

మెడలో మఫ్ సున్నా

మా యజమాని ఊ తాన్ చీనా బర్మా మనిషి. లెక్కలంటే గిట్టదు. "మెడలో వేలాడే మఫ్ నంబరు సున్నా" అనేవాడు. కొనేవాళ్ళ ముందు నాలుగు రకాలు పెట్టి, తలకు పెట్టించి, కాసేపు కబుర్లు చెప్పి, వాళ్ళు ఏది తీయడం మర్చిపోతే అది అమ్మేవాడు. ఇది అమ్మకమా, మోసమా అని నాకు చిరాకు. నేను మాత్రం పెద్ద నంబరు వైపే ఉండేదాన్ని.

చౌక్తడా కోర్టులో వకీలుగా ఉన్న ఒకావిడ ఆ క్లబ్‌లో మెంబరు. అన్నిటికంటే పెద్ద నంబరు కావాలని పట్టుబట్టింది. బరువైన మఫ్ ఒకటి తీసుకుపోయింది. నెల తిరక్కుండా వచ్చి దాన్ని బల్ల మీద పడేసింది.

"ఇందులో నాకు కాల్పులు నడిపించే ఆఫీసర్ మాట వినపడదు. కాల్చమన్నాడో, ఆపమన్నాడో. వినడానికి ఒక గిన్నె ఎత్తాను. పక్కవాడు పేల్చాడు. ఇప్పటికీ చెవిలో ఈల మోగుతోంది. మీరు నాకు అమ్మింది ఏమిటి, చెవుడా?"

ఊ తాన్ నా వైపు చూశాడు. ఆ సాయంత్రం కూర్చుని లెక్క వేశాను. ఒకే తీరు చప్పుడులో గంటకు అయిదు నిమిషాలు మఫ్ తీస్తే ముప్పై కాస్తా పదకొండు దగ్గరికి పడిపోతుంది. తుపాకికి ఆ లెక్క కూడా లేదు. ఎత్తిన క్షణమే తూటా పేలితే పెట్టుకున్న మిగతా గంటంతా దండగ.

ఆవిడకు బ్యాటరీతో నడిచే మఫ్ ఇచ్చాం. మాటలు లోపలికి పంపుతుంది, తుపాకి పేలినప్పుడు పంపడం మానేస్తుంది. డబ్బా మీద నంబరు తక్కువ. తీయాల్సిన అవసరం రాదు కాబట్టి నిజానికి ఎక్కువ. చిన్న నంబరు పెద్దదెలా అవుతుందని కొనేవాళ్ళు అడిగితే ఈ వకీలుగారి సంగతి చెప్పండి. ఇంకో మూడు మాటలు కూడా. వానాకాలం చెమ్మకు బ్యాటరీ చప్పున చచ్చిపోతుంది, జతకు ఇంకోటి ఇవ్వండి. కొప్పు పెట్టుకున్న ఆడవాళ్ళకు పట్టీ తల మీద సరిగ్గా కూర్చోదు, కొప్పు కిందికి దించి ముడుచుకోమనండి. బుగ్గలకు తనఖా చెట్టు బెరడు అరగదీసిన గంధం దట్టంగా పూసుకునే వాళ్ళ చెవి చుట్టూ తుడవమనండి, గిన్నె అంచున ఉండే మెత్త కింద పొడి నిలిస్తే అతకదు.

రమణ

ఆ క్లబ్‌లో రేంజి ఆఫీసర్ రమణ. కాల్చేవాళ్ళ వెనక నిలబడి మొదలుపెట్టమని, ఆపమని చెప్పే పని. మా తాతా అతని తాతా అహ్లోన్ మిల్లుల్లో పనికి ఒకే కాలంలో ఓడ దిగారు. నాకు చుట్టరికం లేదు గాని సొంత అక్కను పిలిచినట్టు అప్పా అని పిలుస్తాడు. భార్య పైడమ్మ. కొన్నేళ్ళ కిందట ఆమెకు గొంతు దగ్గర గడ్డ తీశారు. తర్వాత గొంతు తిరిగి రాలేదు. గుసగుసే మాట. మేమందరం ముందుకు వంగి, పెదాలు చూసి, సగం ఊహించుకుంటాం. రమణ ఒక్కడే ఆమెతో మామూలుగా మాట్లాడేవాడు.

రేంజి ఆఫీసర్ రోజంతా తుపాకుల దగ్గర ఉంటాడు, రోజంతా వినాలి. ప్లగ్గు మీద మఫ్ పెడితే ఎవరైనా వెనక నుంచి ఆగమని అరిచినా తెలియదు. అందుకని రమణకు మంచి బ్యాటరీ మఫ్ ఎంచి నేనే ఇచ్చాను. క్లబ్ వాళ్ళు ఏటా చెవి పరీక్ష చేయిస్తారు. ఒక ఏడాది చౌక్తడాలో డాక్టరు గదిలోంచి రమణ కాగితం పట్టుకుని వచ్చాడు. కుడి చెవి గీత బల్లపరుపుగా ఉంది. ఎడమ చెవి గీత సన్నటి, పై స్వరాల దగ్గర లోయలా దిగింది. చప్పుడు దెబ్బకు మొదట దిగేది అక్కడే.

మెట్ల మీద నిలబడి కాగితం అటూ ఇటూ తిప్పాను.

"అప్పా, నువ్విచ్చిందే ఎట్టుకున్నాను. ఒక్క పాలి తియ్యలేదు."

"తెలుసురా."

"మరేటిది?"

"తెల్దు."

"నీకు తెల్దంటే ఇంకెవుల్నడగాలి?"

డాక్టరు చెప్పింది రెండు మాటలు. పోయింది తిరిగి రాదు. ఇంకా దిగితే ఆ పనిలో ఉంచకూడదు. ఉద్యోగం సంగతి సరే. నన్ను పట్టుకున్నది ఇంకొకటి. గుసగుసలో గొంతు ఉండదు, గాలి శబ్దాలే ఉంటాయి. అవి ఎక్కువగా పై స్వరాల్లోనే వినిపిస్తాయి, అంటే ఆ లోయ ఉన్న చోటే. లోయ ఇంకా లోతయి, కుడి చెవికి కూడా పాకితే రమణ మనందరి మాటా వింటాడు. పైడమ్మ మాట ఒక్కటే పోతుంది. అప్పటికే ఆమె ఏదైనా అంటే అతను తల తిప్పి కుడి చెవి ఇస్తున్నాడు. తిప్పుతున్న సంగతి అతనికి తెలియదు. పైడమ్మకు తెలుసు.

మూడూ ఎడమ వైపే

నా లెక్క ప్రకారం ఆ మఫ్ చాలాలి. చాలలేదు. పైగా ఒక్క చెవికే చాలలేదు. మఫ్‌కు రెండు గిన్నెలూ ఒకే రకం. గిన్నెలు మార్చి చూశాను, బ్యాటరీ చూశాను, ఇంకో కొత్తది తెప్పించి పోల్చాను. తేడా లేదు. క్లబ్‌కు వెళ్ళి, కాల్పులు లేని వేళ, రమణ నిలబడే చోటే నిలబడ్డాను.

అది వరస చివర, కుడి గోడ పక్కన. కాల్చేవాళ్ళంతా అతనికి ఎడమనే. ఎడమ చెవి తుపాకులకు దగ్గర, కుడి చెవి తల చాటున. ఇది ఒక కారణం. దొరికిందని సంతోషపడ్డాను.

రమణ మఫ్ పెట్టుకుని చూపించాడు. కళ్ళజోడు ఎడమ కాడ ఎప్పుడో విరిగితే దారం చుట్టి జిగురు పూశాడు. ఆ కాడ పెన్సిలంత లావు. దాని మీద మెత్త ఎత్తుగా నిలబడింది. ఇది రెండో కారణం. సంతోషం తగ్గింది.

మెత్త కింద ఎంత సందు ఉందోనని చిటికెన వేలు పెట్టి తడుముతున్నాను. నిశ్చలంగా ఉన్నప్పుడు చెవి కింద గట్టిగానే ఉంది. అంతలో వేలి కింద దవడ కదిలింది, మెత్త లేచింది, మళ్ళీ కూర్చుంది.

"నోట్లో ఏటుందిరా?"

"కిళ్ళీ."

"పనిలో కూడానా?"

"ఉమ్మీకూడదన్నారు గాని నమలొద్దనలేదు గదా. ఉమ్మకుండా ఈ బుగ్గనెట్టుకుంటాను. మద్దేనం దాకా ఒకటే సరిపోతాది."

ఈ ఊళ్ళో సగం మంది బుగ్గల్లో కిళ్ళీ ఉంటుంది. క్లబ్‌లో నేల ఎర్రబడుతోందని ఉమ్మడం మాన్పించారు. దానితో అతను ఎడమ బుగ్గన పెద్ద ఉండ దాచుకుని, ఊట మింగుతూ, గంటల తరబడి నెమ్మదిగా నమలడం అలవాటు చేసుకున్నాడు. నమిలిన ప్రతిసారీ సందు తెరుచుకుంటోంది. ఇది మూడో కారణం. అప్పటికి నాకు ఏమీ అర్థం కాకుండా పోయింది.

కారణం లేకపోతే వెతకవచ్చు. మూడు ఉంటే ఏం చెయ్యాలి? మొదటిదానికి లెక్క ఉంది. ఆరుబయట దూరం సగమైతే ఆరు డెసిబెల్లు పెరుగుతుంది. రేకుల కప్పు కింద, గోడ పక్కన ఎంతో తెలియదు. దారం చుట్టిన కాడ ఎంత చప్పుడు లోపలికి వదులుతుందో నా పుస్తకంలో లేదు. కిళ్ళీ సంగతయితే ఏ కేటలాగులోనూ లేదు. అవి రాసిన దేశాల్లో బుగ్గన ఉండ పెట్టుకుని పరీక్షకు కూర్చున్నవాళ్ళు ఉండరు. పైగా అదే క్లబ్‌లో ఇంకొక ఆఫీసర్ కుడి బుగ్గన నములుతాడు. అతని చెవులు రెండూ బాగున్నాయి. అయితే కిళ్ళీ కాదా? కానీ అతనిది వెడల్పు దవడ, కళ్ళజోడు లేదు, నిలబడేది మధ్యలో. ఏ రెండు తలలూ పోల్చడానికి కుదరవు. ఈ పనిలో నన్ను అన్నిటికంటే విసిగించింది అదే.

ఒక్కొక్కటిగానా, ఒక్కసారా

పద్ధతి ప్రకారం ఒకసారి ఒక్కటే మార్చాలి. ముందు చోటు మార్చి, కొన్ని నెలలు ఆగి, పరీక్ష. తర్వాత కళ్ళజోడు, పరీక్ష. చివరికి కిళ్ళీ. అప్పుడు ఏది ఎంతో తెలుస్తుంది. తెలిస్తే క్లబ్‌లో అందరికీ చెప్పొచ్చు, మిల్లుల్లో కిళ్ళీ నమిలే వందలమందికి చెప్పొచ్చు. ఈ ఆలోచనతో అహ్లోన్‌లో రమణ ఇంటికి వెళ్ళాను. అతనికి నచ్చింది, కిళ్ళీ వంతు చివర రావడం ఇంకా నచ్చింది.

పైడమ్మ చేపలు శుభ్రం చేస్తోంది. చెయ్యి ఆపి నన్ను దగ్గరికి రమ్మంది. వంగాను.

"మూడూ ఒక్కపాలే మార్చీలేవా అప్పా?"

"మార్చొచ్చు. అప్పుడు దేని వల్ల ఆగిందో తెల్దు."

"తెలకపోతే ఏటి?"

"తెలిస్తే పదిమందికి పనికొస్తాది గదే."

ఆమె చేప వైపు చూస్తూ ఇంకేదో అంది. వినబడలేదు. మళ్ళీ అడిగాను. మళ్ళీ చెప్పింది.

"ఈలోగా దిగింది ఎవులు తెస్తారు?"

రమణ కుడి చెవి ఇటు తిప్పి, "ఏటంతంది?" అన్నాడు. అతనూ వినలేదు. అంత దగ్గర కూర్చుని వినలేదు. పైడమ్మ తల ఎత్తలేదు.

మర్నాడు ఊ మ్యింట్‌తో మాట్లాడి వరస మధ్యలో, వెనగ్గా, రమణకు ఎత్తు బల్ల వేయించాను. అంత వెనక నుంచి అందరూ కనిపిస్తారా అని అతను గొణిగాడు, కనిపించారు. కళ్ళజోడుకు సన్న కాడలు వేయించాం. కిళ్ళీ దగ్గర రమణ అడ్డం తిరిగాడు.

"కిళ్ళీ నేకపోతే నాకు నిద్దరొచ్చీస్తాది అప్పా. నిద్రపోయే ఆఫీసర్ మంచోడా, నమిలేవోడా?"

"నిలబడి నిద్రపోయినోడ్ని నానింతవరకు సూళ్ళేదు. ఇల్లు సేరినాక నములు."

మూడూ ఒకే వారంలో మార్చేశాం. తర్వాతి పరీక్షలో గీత ఉన్నచోటే ఉంది. ఆ పై ఏడాదీ అక్కడే ఉంది. పోయింది రాలేదు, కొత్తగా పోలేదు. రమణ ఇప్పటికీ ఆ పనిలోనే ఉన్నాడు.

ఏది చూసి ఇవ్వాలి

పిల్లలు అడిగినదానికి నాకు తేలినంత వరకు చెప్తాను. తుపాకి కాల్చేవాళ్ళు వస్తే నంబరు దగ్గర మొదలుపెట్టండి, అక్కడ ఆగకండి. ఏ తుపాకి, కప్పు కిందా బయటా, ఏ వైపు నిలబడతారు, ఎవరి మాట వినాలి, ఇవన్నీ అడగండి. మఫ్ తలకు పెట్టించి, కళ్ళజోడు తియ్యకుండానే, మెత్త చుట్టూ వేలు తిప్పి చూడండి. మాట్లాడించండి, నమిలించండి, నవ్వించండి. ఊ తాన్ కబుర్లు ఎందుకు చెప్పేవాడో నాకు ఇప్పుడు కొంత అర్థమవుతోంది. దవడ కదలాలి కదా. ఆయన ఇది తెలిసి చేశాడో లేదో మాత్రం తెలియదు. అడుగుదామంటే దుకాణం మేనల్లుడికి అప్పగించి మాండలే వెళ్ళిపోయాడు.

రమణ చెవిని కాపాడింది చోటా, కళ్ళజోడా, కిళ్ళీనా అంటే చెప్పలేను. రోజుకొక దాని మీద నమ్మకం కుదురుతుంది. వాన పడుతూ ఇంట్లో కూర్చున్న రోజుల్లో కాగితం తీసి మళ్ళీ లెక్క వేస్తాను. మూడు తెలియనివాటికి ఒకటే జవాబు ఉన్నప్పుడు ఎన్నిసార్లు వేసినా తెగదు. తెగదని తెలుసు. వేస్తాను.

మొన్న వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు ఈ మాటే అన్నాను. సాయంత్రం, కింద వీధిలో జనరేటర్లు మొదలయ్యాయి. రమణ నేల మీద కూర్చుని ఫ్యాన్ విప్పుతున్నాడు. వంటపొయ్యి ఉండే మూల ఇప్పుడు అతనికి కుడివైపు. ఇల్లంతా తిప్పి సర్దుకున్నారు.

"పోనీ అప్పా, రొండు మూడు నెలలు పనిలో నమిలి సూద్దునా? చోటు మారదు, కళ్ళజోడు మారదు. గీత దిగితే కిళ్ళీయే. నీ లెక్క తెగిపోతాది."

ఒక్క క్షణం, నిజం చెప్తున్నాను, నాకు ఆశ పుట్టింది. అది సరైన పద్ధతే. వద్దని నోరు తెరిచేలోగా పొయ్యి దగ్గర పైడమ్మ వీపు ఇటు పెట్టి ఏదో అంది. జనరేటర్ల మోతలో నాకు గాలి కదిలినట్టు కూడా తెలియలేదు. రమణ తల తిప్పలేదు, చేతిలో స్క్రూ తిప్పుతూనే నవ్వాడు.

"ఏటన్నాది?" అని అడిగాను.

"నాను నమిలితే మనిద్దరికీ బువ్వెట్టదంట."